ఖాళీ సీసా వేయని బుధవారం

ఆ బుధవారం పొద్దున పదకొండు గంటలకు నా బల్ల మీద తొమ్మిది రక్తపు సీసాలు ఉన్నాయి. రంజాను నెల. పనివేళలు కుదించారు. రెండున్నరకల్లా గేటు దాటకపోతే, ఇఫ్తారు వేళకు ఇళ్లకు పరుగులు తీసే కార్ల మధ్య ఇరుక్కుని మేముండే అబ్బాసియా చేరేసరికి ప్రాణం విసిగిపోతుంది. నేను రోజా ఉన్నాను. సహరీకి లేచి, ఇంత తిని, మళ్లీ కన్ను మూయకుండానే బస్సెక్కి వచ్చాను. నోరు ఎండిపోయి ఉంది. చేతులు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి.

కువైట్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రక్తంలో మందులు వెతకడం నా ఉద్యోగం. ఎవరైనా స్పృహ తప్పి వస్తే, ఏం మింగారో వాళ్లు చెప్పలేకపోతే, ఆ సంగతి వాళ్ల రక్తాన్ని అడగాలి. అందులో మందు ఉండేది చాలా తక్కువ. నీళ్ల ట్యాంకరులో చిటికెడు ఉప్పు వేసి, ఎంత వేశారో చెప్పమన్నట్టు ఉంటుంది. రక్తాన్ని గొట్టంలో పోసి, దానికో ద్రావకం కలిపి, బాగా కుదిపి, గిర్రున తిప్పితే రెండు పొరలుగా విడిపోతుంది. పైపొరలోకి మందు చేరుతుంది. దాన్ని మెల్లగా తీసి, నైట్రోజన్ గాలి కింద ఆరబెట్టి, అడుగున మిగిలిన కంటికి కనబడని మరకను నాలుగు చుక్కల ద్రవంలో కరిగించి యంత్రానికి ఇస్తాం. యంత్రం తెర మీద గీత గీస్తుంది. మందు ఉన్నచోట ఆ గీత కొండలా లేస్తుంది. కొండ ఎత్తును బట్టి మందు ఎంతో లెక్క.

యంత్రం ఒకరి రక్తం చూశాక దాని గొంతులో కొంచెం మిగిలిపోవచ్చు. అందుకని ప్రతి రోగి సీసా తర్వాతా ఏ మందూ లేని ఉత్త ద్రవం పోసిన సీసా ఒకటి పెట్టాలి. దాన్నే ఖాళీ సీసా అంటాం. అది గొంతు కడుగుతుంది, శుభ్రంగా ఉందో లేదో చూపిస్తుంది. ఒక్కో సీసాకు పది నిమిషాలు పడుతుంది. తొమ్మిది మందికి తొమ్మిది ఖాళీ సీసాలంటే గంటన్నర.

ఆ రోజు నేను మొదట ఒకటి, చివర ఒకటి పెట్టి, మధ్యలోవి వదిలేశాను. అంతకుముందు ఎప్పుడూ అలా చేయలేదు అని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రంజానులోనే అంతకుముందు రెండుసార్లు చేశాను. ఏమీ కాలేదు.

ఏడో సీసా రోడ్డు ప్రమాదంలో వచ్చిన మనిషిది. అతను ట్రామడాల్ మాత్రలు గుప్పెడు మింగి కారు నడిపాడు. నొప్పి మందే, కానీ డాక్టరు చీటీ లేకుండా దగ్గర ఉంటే ఇక్కడ జైలు. అతని కొండ తెర పైఅంచును తాకింది. ఎనిమిదో సీసా ఒక ఇంటి పనిమనిషిది. సబా అల్ సలేంలో, పనిచేసే ఇంట్లో, పొద్దున్నే వంటగదిలో పడిపోయిందని, రక్తంలో చక్కెర బాగా తగ్గిపోయిందని కాగితం మీద ఉంది. వయసు నలభై ఒకటి. భారతీయురాలు. పేరు చూస్తే తెలుగామే అనిపించింది. ఆమె గీత మీద, ట్రామడాల్ లేవాల్సిన చోటే, చిన్న కొండ లేచింది. చిన్నదే. మేం పెట్టుకున్న హద్దుకు కొంచెం పైన ఉంది.

రెండింపావుకు వార్డు డాక్టరు ఫోన్ చేశాడు.

"వంటగదిలో పడిపోయిన ఆ పనిమనిషిది ఏమైనా వచ్చిందా? నోటితో చెప్పండి చాలు, కాగితం తర్వాత పంపండి."

"ట్రామడాల్ ఉంది. కొంచెమే," అన్నాను.

"అదీ సంగతి. ట్రామడాల్ ఒక్కోసారి చక్కెర కూడా తగ్గిస్తుంది. సరిపోయింది," అన్నాడాయన.

సరిపోయింది అన్న మాట వినగానే నాకూ తేలికైంది. కోటు విప్పి, చేతులు కడుక్కుని, బస్సు అందుకున్నాను.

మా ఆయన షర్క్‌లో ఒక ఆఫీసులో డ్రైవరు. మాది కడప వైపు. ఇంట్లో సగం ఉర్దూ, సగం కడప తెలుగు మాట్లాడుకుంటాం. ఆ సాయంత్రం ఇఫ్తారుకు ఖర్జూరం, పకోడీలు, గంజి పెట్టుకుని కూర్చున్నాం. అజాన్ అయింది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. నీళ్లు తాగాను. ఒంట్లోకి సత్తువ వస్తుండగా, దాంతోపాటే ఇంకొకటి కూడా వచ్చింది.

మనిషి ట్రామడాల్ మింగితే శరీరం దాన్ని విరగ్గొడుతుంది. విరిగిన ముక్క కూడా రక్తంలో తిరుగుతుంది. దానికి వేరే చోట వేరే కొండ లేవాలి. ఏడో మనిషికి లేచింది. ఎనిమిదో ఆమెకు? తెరను కళ్ల ముందుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అక్కడ గీత చదునుగా ఉన్నట్టే గుర్తొచ్చింది.

"ఏమైంది నీకు? గంజి ముందర పెట్టుకోని యాడ సూస్తాండావు?" అన్నాడు మా ఆయన.

"ఏం లేదు. ఒకామెకి తప్పు చెప్పినానేమో అనిపిస్తాంది."

"తప్పంటే?"

"లేని మందు ఉందని."

ఆయన పకోడీ చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "ఏ మందు?"

చెప్పాను. ఆయనకు వివరించనవసరం లేదు. కువైట్‌లో ఉన్న ఏ డ్రైవరుకైనా ఆ పేరు తెలుసు. "అట్లాంటిదాంట్లో తప్పు చెప్తారా? పోలీసులొస్తారే! ఫోన్ చెయ్యి మల్ల," అన్నాడు.

వార్డుకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తిన నర్సు, డాక్టరు మారాడని, మందు విషయం ఫైలులో రాసేశారని, రేపు ల్యాబు నుంచి కాగితం పంపమని చెప్పింది. నేను సందేహం ఉందన్నాను. "సందేహం అని రాయమంటారా సిస్టర్? ఎవరు చెప్పారని రాయాలి?" అంది. రేపు పొద్దున్నే వస్తానని పెట్టేశాను. ఆ తర్వాత అన్నం తినలేదు. మా ఆయన నమాజుకు వెళ్లొచ్చేదాకా గదిలో తలుపుకూ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

గురువారం అందరికంటే ముందే ల్యాబులో ఉన్నాను. తెర తెరిచి చూశాను. ఎనిమిదో గీతలో ముక్క ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఏడో మనిషి సీసా ఇంకా యంత్రం పళ్లెంలోనే ఉంది. దాన్ని మళ్లీ ఇచ్చి, వెంటనే ఖాళీ సీసా ఇచ్చాను. ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చోలేకపోయాను. ఫ్రిజ్జు తలుపు తీశాను, వేశాను. అలమరలో గొట్టాలు సర్ది ఉన్నవే మళ్లీ సర్దాను.

ఏ మందూ లేని ఖాళీ సీసా గీత మీద చిన్న కొండ లేచింది. నిన్న ఆమె గీతలో లేచిన కొండ ఎత్తే.

ఆ మందు ఆమెది కాదు. ఆమెకు ముందున్న మనిషిది.

మా పై అధికారి ఈజిప్టు పెద్దాయన. ఎనిమిదింటికి వస్తాడు. ఆయన సంచి కింద పెట్టకముందే ఆమె గీత, ఖాళీ సీసా గీత ఉన్న రెండు కాగితాలూ బల్ల మీద పరిచాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. మేం ఇంగ్లీషూ అరబ్బీ కలిపి మాట్లాడుకుంటాం.

"మధ్యలో ఖాళీ సీసా ఏది?"

"వేయలేదు."

"మర్చిపోయావా?"

అవునంటే సరిపోయేది. మర్చిపోవడం రోజాలో ఎవరికైనా జరుగుతుంది. ఆయనే ఆ తలుపు తెరిచిపెట్టాడు.

"మర్చిపోలేదు. టైము మిగుల్తుందని వేయలేదు."

ఆయన కాగితం వంకే చూస్తూ, "యా బింతీ," అన్నాడు. నా బిడ్డా అని. ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది. తర్వాత, "ఆమె రక్తం ఎంత మిగిలింది?" అని అడిగాడు.

"అర మిల్లీలీటరు ఉంటుంది."

"ఒక్కసారికే వస్తుంది. నువ్వే చెయ్యి. నేను పక్కన నిలబడతాను. వార్డుకు నేను ఫోన్ చేస్తాను."

ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే వింటూ నిలబడ్డాను. నిన్న నోటితో చెప్పింది నమ్మకండి, మళ్లీ చేస్తున్నాం అన్నాడు. అవతలివాళ్లు ఏదో చెప్పారు. ఆయన మొహం మారింది. ఫోన్ పెట్టేసి, "పొద్దున్నుంచి ఆమె మంచం దగ్గర ఆడ పోలీసు కూర్చుని ఉందట," అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. గ్లూకోజు ఎక్కిస్తుంటే ఆమె చక్కెర పైకి వస్తోంది, రెండు మూడు గంటల్లో మళ్లీ పడిపోతోంది. రాత్రి నుంచి మూడుసార్లు అలా అయిందట.

"ట్రామడాల్ అలా చేయదు," అన్నాను.

"చేయదు. ఏదో చక్కెర మందు ఆమె ఒంట్లో ఇంకా పనిచేస్తోంది. నిన్న మనం ట్రామడాల్ అని చెప్పాం కాబట్టి వాళ్లు వెతకడం మానేశారు."

మనం అన్నాడు. నేను అని ఉండాల్సింది.

అర మిల్లీలీటరు రక్తం చూడడానికి వేలిగోరంత. మోచేతిని బల్లకు ఆనించి దాన్ని గొట్టంలోకి తీశాను. ద్రావకం కలిపి కుదిపాను. తిప్పాను. పైపొర తీసేటప్పుడు కింది ఎరుపు ఒక్క బిందువు కూడా పైకి రాకూడదు. పెద్దాయన నా భుజం పక్కన నిలబడి ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాడు. నైట్రోజన్ కింద పెట్టాక ఆరడానికి పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో వార్డుకు వెళ్లొస్తానన్నాను.

"ఎందుకు?"

"ఏం మింగిందో ఆమెను ఎవరూ ఆమె భాషలో అడిగి ఉండరు."

వార్డులో చివరి మంచం. ఆమె పక్కకు తిరిగి పడుకుని ఉంది. సన్నగా, నల్లగా, నుదుటి మీద పడిపోయినప్పుడు తగిలిన వాపు. చేతికి గ్లూకోజు గొట్టం. కాళ్ల దగ్గర కుర్చీలో పోలీసు యూనిఫారంలో ఒకామె ఫోన్ చూసుకుంటోంది. మలయాళీ నర్సు నన్ను లోపలికి తీసుకెళ్లింది.

"ఏమ్మా, తెలుగువాళ్లేనా?" అన్నాను.

ఆమె చటుక్కున తిరిగింది. "ఆయ్! మాది అమలాపురం దగ్గరండి. అమ్మా, ఈవిడెందుకు కూర్చుందండి ఇక్కడ? నన్నేం అడగరు, ఏం చెప్పరు. మామా ఏమన్నా పోయిందని కేసెట్టిందా అండి? నేనేం తియ్యలేదండి, ప్రభువు తోడు."

మామా అంటే ఇంటి యజమానురాలు, ఇక్కడ పనివాళ్లు అలాగే పిలుస్తారు.

"అదేం కాదు. మీరేమన్నా మందులు వాడుతున్నారా?"

ఆమె పోలీసు వంక చూసి నోరు మూసుకుంది.

"ఆమెకి తెలుగు రాదు. నాకు చెప్పండి. దాస్తే డాక్టరు సరైన మందు ఇవ్వలేడు."

ఆమె గొంతు తగ్గించింది. "షుగరండి. రెండేళ్లయింది. మామాకి తెల్దండి. రోగముందంటే పంపించేత్తారని చెప్పలేదండి. మా మరిది ఊరి నుంచి వస్తా చెట్ల మందు తెచ్చేడు. ఇంగిలీషు మందు కాదండి, ఒట్టి ఆకు మందే. రోజుకొకటి మింగుతానండి."

"నిన్న కూడా మింగారా?"

"రెండు మింగేనండి. పొద్దున్న కళ్లు మసకగా ఉంటే షుగరు పెరిగిందేమో అనుకున్నాను."

"తిన్నాక మింగారా?"

"లేదండి. శ్రమల దినాలు కదండీ, నలభై రోజులు సాయంత్రం దాకా ఏం తినను. ఇంట్లో వాళ్లు కూడా రోజాల్లో ఉన్నారు, అందరికీ ఒక్కటే పొయ్యి అనుకున్నాను. సాయంత్రానికి సంబూసాలు, అదే సమోసాలండి, మడతెడతా ఉన్నాను, అంతే గుర్తండి."

ఆ ఏడాది మా రోజాలూ వాళ్ల ఉపవాసాలూ ఒకే నెలలో పడ్డాయి. నేను అల్లా పేరు మీద, ఆమె ఏసు పేరు మీద, ఇద్దరం అదే పొద్దున పస్తున్నాం. నేను పస్తుండి ఖాళీ సీసా వదిలేశాను. ఆమె పస్తుండి రెండు మాత్రలు మింగింది.

మాత్రల సీసా ఎక్కడుందని అడిగితే నర్సే చెప్పింది. మామా ఆమె గదిలో వెతికి తెచ్చి ఇచ్చిందట, పోలీసు సంచిలో పెట్టి ముద్ర వేసిందట. అది ల్యాబుకే రావాలి గానీ కాగితాల కోసం ఆగింది. పెద్దాయన మళ్లీ రెండు ఫోన్లు చేశాక, మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళకు ఆ సంచి మా బల్ల మీదికి వచ్చింది.

ఈలోగా ఆమె రక్తం యంత్రంలోకి వెళ్లింది. ముందు ఖాళీ సీసా, తర్వాత ఆమెది, తర్వాత మళ్లీ ఖాళీ సీసా. తెర ముందు మేమిద్దరమే ఉన్నాం. ట్రామడాల్ చోటు వచ్చింది. గీత నేల మీదే నడిచింది. దాటిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను.

"చూడు," అన్నాడు పెద్దాయన.

ఇంకాస్త ముందుకెళ్లాక, మేం అనుమానించి వెతకమని యంత్రానికి చెప్పిన చోట, మంచి కొండ లేచింది. అది చక్కెర రోగులకు ఇచ్చే ఇంగ్లీషు మందే. పాత మందు, చవక మందు, ఒంట్లో చాలాసేపు నిలిచే మందు. తిండి లేకుండా మింగితే మనిషిని పడగొడుతుంది.

మాత్రలు నల్లగా, మిరియాల కంటే కొంచెం పెద్దగా, కరక్కాయ వాసనతో ఉన్నాయి. సీసాకు కాగితం లేదు. ఐదు మాత్రలు తీసి ఒక్కొక్కటీ విడిగా తూచి, కల్వంలో నూరి, ద్రావకంలో కరిగించి, వడగట్టి చూశాను. ఐదింటిలోనూ అదే మందు. కానీ సమానంగా లేదు. ఒకదానిలో ఉన్నదానికి మరోదానిలో మూడింతలు ఉంది. ఎవరో ఎక్కడో ఆకుల పొడిలో ఇంగ్లీషు మాత్రలు నూరి పోసి, చేత్తో కలిపి, ఉండలు చుట్టారు. ఏ ఉండలోకి ఎంత పోయిందో చుట్టినవాడికీ తెలియదు. ఆమె రెండేళ్లు బతికి బయటపడడం అదృష్టం.

పెద్దాయన వార్డుకు ఫోన్ చేశాడు. గ్లూకోజుతోపాటు ఇవ్వాల్సిన ఇంజక్షను వేరే ఉంటుంది, అది మొదలుపెట్టారు. సాయంత్రానికి చక్కెర మళ్లీ పడలేదని చెప్పారు. పోలీసామె లేచి వెళ్లిపోవాలంటే మాత్రం సంతకం పెట్టిన కాగితం కావాలి. నేను టైపు చేశాను. అందులో మొదటి వాక్యం, నిన్న నోటితో ఇచ్చిన ఫలితం తప్పు అని. రెండో వాక్యం, ఆ తప్పు ఎందుకు జరిగిందో. రెండో వాక్యం అవసరం లేదేమోనని పెద్దాయన అన్నాడు. ఉంచుతానన్నాను. ఇది ధైర్యంతో చేసిన పని కాదు. అది రాయకపోతే ఇంటికెళ్లి మళ్లీ తలుపుకూ కిటికీకీ మధ్య తిరగాలి, ఆ భయంతో రాశాను.

ఆ కాగితం వల్ల నాకు రావాల్సింది వచ్చింది. ఆరు నెలలు నా ఫలితాల మీద నేను సంతకం పెట్టకూడదు, ఇంకొకరు చూసి పెట్టాలి. నాకంటే పదేళ్లు చిన్నమ్మాయి రోజూ నా గీతలు చూసి సంతకం పెట్టేది. ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఇఖామా, రెన్యువల్ ఆగుతుందేమోనని రెండు వారాలు భయపడ్డాను. ఆగలేదు.

ఆదివారం నాడు మళ్లీ వార్డుకు వెళ్లాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె లేచి కూర్చుని ఉప్మా లాంటిదేదో తింటోంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"రండమ్మా! మీరొచ్చి వెళ్లేకే అంతా సర్దుకుందండి. ఆ పోలీసావిడ లేచెళ్లిపోయింది. ప్రభువే మిమ్మల్ని పంపించేడు."

ఆ మాట అన్నాక చెప్పకుండా ఉండడం కుదరలేదు. మంచం అంచున కూర్చున్నాను.

"ఆ పోలీసు రావడానికి కారణం కూడా నేనేనమ్మా."

ఆమె చెంచా ఆపింది. నేను చెప్పాను. ముందు మనిషి రక్తంలోని మందు యంత్రంలో మిగిలిపోయింది, మధ్యలో కడగాల్సింది నేను కడగలేదు, మీదని చెప్పేశాను అని.

"కడగలేదా అండి?"

"లేదు."

"ఎందుకని?"

"ఇంటికెళ్లే తొందరలో."

ఆమె గిన్నె పక్కన పెట్టింది. మెల్లగా అంది, "గురువారమంతా నేనేం ఆలోచించేనో తెల్సా అమ్మా? నా కూతురికి ఎవరు చెప్తారు, ఏమని చెప్తారు అని. మీ అమ్మ కువైట్లో దొంగతనం కేసులో జైలుకెళ్లిందంటారా, ఇంకేమంటారా అని."

"తప్పయిపోయింది."

"ఆయ్," అంది. అంతే. క్షమించానని అనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నేను కాసేపు కూర్చుని లేచి వచ్చేశాను.

మామా ఆమెను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు డాక్టరు మాటలు తెలుగులో చెప్పమని నన్ను పిలిచారు. యాభై దాటిన కువైటీ ఆమె, అబాయా, చేతిలో రెండు ఫోన్లు. చక్కెర రోగం గురించి డాక్టరు చెప్పగానే ఆమె చేతులు పైకెత్తింది. "ఇది నా దగ్గర దాచిందా? నాకు చక్కెర, మా ఆయనకు చక్కెర, మా అత్తగారికి చక్కెర! నా ఫ్రిజ్జులో పాల కంటే ఇన్సులిన్ ఎక్కువ! ఎందుకు దాచింది, అడుగు!"

అడిగాను. పనిమనిషి తల వంచుకుని, "రోజూ ఆ ఫ్రిజ్జు తుడిచేది నేనే అండి. అయినా వాళ్ల రోగం వేరు, నా రోగం వేరు కదండీ," అంది.

ఆ మాటను అరబ్బీలో ఎలా చెప్పాలో నాకు తోచలేదు. "భయపడింది," అని మాత్రం చెప్పాను. మామా పనిమనిషి చేతిలోని మందుల సంచి తనే తీసుకుంది.

ఆమె ఇంకో నాలుగు నెలలు ఆ ఇంట్లోనే పనిచేసింది. కానీ ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదని, గడువు అయిపోగానే వెళ్లిపోతానని మామాతో చెప్పేసిందట. వెళ్లే ముందు ఒక శుక్రవారం అబ్బాసియాకు సామాన్లు కొనుక్కోవడానికి వచ్చి, నర్సును అడిగి నా నెంబరు తీసుకుని, ఫోన్లో దారి అడిగి, మా ఇంటికి వచ్చింది. తలుపు తీసి లోపలికి పిలిచాను. టీ పెట్టాను. చక్కెర లేకుండా అని తనే గుర్తుచేసింది. మా ఆయన పలకరించి, మమ్మల్ని మాట్లాడుకోనిచ్చి బయటికి వెళ్లాడు.

టీ సగం తాగాక ఆమె అడిగింది. "ఒక్కటడుగుతాను, ఏమనుకోకండి. మొదటిసారి తప్పన్నారు. రెండోసారి వచ్చింది ఒప్పని మీకెలా తెల్సండి?"

పదకొండేళ్లలో ఏ డాక్టరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఖాళీ సీసా గురించి చెప్పాను. లెక్క తెలిసిన మందును పోసి యంత్రాన్ని ఎలా పరీక్షిస్తామో చెప్పాను. మాత్రలో దొరికిందే రక్తంలోనూ దొరకడం గురించి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. అర్థమైందో లేదో గానీ, చివర్లో, "అయితే ఇప్పుడు ప్రతీసారీ కడుగుతున్నారా?" అంది.

"ప్రతీసారీ."

"టైము పట్టినా?"

"పట్టినా."

తల ఊపింది. వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగి, "మా చర్చి సంఘంలో ఆడోళ్లకి చెప్పేనండి ఆ మాత్రల సంగతి. ఇంకా నలుగురైదుగురు మింగుతున్నారు. మీ దగ్గరికొస్తారేమో, కసురుకోకండి," అంది.

వచ్చారు. ఆ తర్వాతి శుక్రవారమే ఇద్దరు. కర్చీఫుల్లో, టిష్యూ కాగితాల్లో, ఖాళీ పౌడరు డబ్బాల్లో నల్లమాత్రలు. "చూసి చెప్పండమ్మా, ఇందులోనూ ఉందా?" ఇంట్లో నాకేం యంత్రం ఉంది? పెద్దాయనను అడిగాను. ఆసుపత్రి కాగితం లేకుండా ఒక్క మాత్ర కూడా ముట్టుకోవద్దు, నీ మీద ఇప్పటికే కళ్లున్నాయి అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. మింగడం ఆపండి, క్లినిక్కుకు వెళ్లి రక్తం చూపించుకోండి, మాత్రలు డాక్టరుకు చూపించండి అని వాళ్లకు చెప్పాను. అందరూ తల ఊపారు. ఎందరు వెళ్లారో తెలియదు.

మూడు వారాల తర్వాత ఒకామె తిరిగొచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతోంది. నీళ్లడిగి చెంబెడు తాగేసింది, మళ్లీ అడిగింది.

"మీరు మింగొద్దన్నారని మానేసేనమ్మా. దాహం, దాహం. రాత్రి ఆరేడుసార్లు లేస్తన్నాను. ఆ మందే బాగుందేమో నాకు."

ఆ మందు పనిచేసేదే. అందులో అసలు మందు ఉంది కాబట్టే పనిచేసింది. మానేయమని చెప్పడం సులువు. మానేశాక ఏం చేయాలో చెప్పి వదిలేశాను, తీసుకెళ్లలేదు.

"క్లినిక్కుకు వెళ్లారా?"

"ఎలా ఎల్తానమ్మా? భాష రాదు. మామా శుక్రవారం ఒక్కరోజే వదుల్తుంది."

గడియారం చూశాను. శుక్రవారం కూడా చూసే ఆసుపత్రి బస్సులో అరగంట దూరంలో ఉంది. మా ఆయన శుక్రవారం నమాజుకు వెళ్లాడు. "పదండి, నేను తీసుకెళ్తాను," అని చెప్పులేసుకుని, ఆసుపత్రిలో అడిగే సివిల్ ఐడీ కార్డు ఉందో లేదో ఆమెను చూసుకోమని, తలుపు తాళం వేశాను. ఎండ మండిపోతోంది. బస్సు స్టాపులో నీడ లేదు. ఆమె నీళ్ల సీసా గుండెకు హత్తుకుని నిలబడింది. బస్సు వస్తుందా రాదా అని నేను నిమిషానికోసారి రోడ్డు మీదికి వంగి చూస్తూనే ఉన్నాను.